చిన్న కోతమిల్లు: చెక్కకి న్యాయమైన రేటు కట్టడం ఎలా?

పాయ గట్టు మిల్లు:
అందరికీ నమస్కారమండి. రావులపాలెం, కొత్తపేట మధ్యలో చిన్న కోతమిల్లు మాది. నాన్నగారి కాలం నుంచి కోత కూలికే నడుస్తోంది. రైతు దుంగ తెస్తే కోసిపెట్టడం, కూలి తీసుకోవడం, అంతే. ఈమధ్య నేనే దుంగలు కొని, కోసి, చెక్క అమ్మడం మొదలుపెట్టాను. చిక్కంతా అక్కడే వచ్చింది.

రావులపాలెం కలప డిపోల రేటు చూసుకుని అడుగుకి, అంటే ఘనపుటడుగుకి, ఓ యాభై తగ్గించి చెప్పమంటారు కొందరు. వాళ్లది లారీల మీద దిగే బల్లార్షా టేకు, బస్తర్ టేకు. నాది గట్ల మీద పెరిగిన టేకు, పెరట్లో వేప, మామిడి, పనస, రోడ్డు పక్క నిద్రగన్నేరు. రెండూ ఒకటెలా అవుతాయి? మొన్న ఒకాయన గుమ్మం చెక్క బేరమాడుతూ, "దుంగ అడుగు వెయ్యికి కొన్నావంట. చెక్క అడుగు రెండు వేలకి దగ్గర చెప్తున్నావు. ఇది దోపిడీ కాకపోతే ఏంటి?" అన్నాడు. దోపిడీ కాదని నాకు తెలుసు. కానీ ఆయనకి కాగితం మీద వేసి చూపించే లెక్క నా దగ్గర లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాత రంపం:
తమ్ముడూ, మాది నరసాపురం వైపు. మిల్లు ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. లెక్క రాసుకో. ఇందులో రూపాయలు లెక్క కోసం అనుకున్నవే, రేపు వీటిని పట్టుకుని ఎవరూ నా మీదికి రావద్దు.

దుంగ మధ్యలో చుట్టుకొలత 48 అంగుళాలు, పొడవు 10 అడుగులు. చుట్టుకొలతలో నాలుగో వంతు 12. పన్నెండు పన్నెండ్లు 144, ఇంటూ 10, బై 144. అంటే 10 ఘనపుటడుగులు. అడుగు వెయ్యి చొప్పున పదివేలు. ఎత్తుడు, దించుడు, ట్రాక్టరు కలిపి 800. కోతకి అడుగుకి 120 వేసుకుంటే 1,200. మొత్తం 12,000 అయింది.

ఇప్పుడు చెక్క ఎంత వచ్చింది? గట్టు మీద టేకు నిటారుగా పెరగదు. వంకర పోగా, పక్క చెక్కలు పోగా, పొట్టు పోగా ఆరున్నర అడుగులు చేతికొస్తే మంచి దుంగే. 12,000ని ఆరున్నరతో భాగించు. అడుగు 1,846 పడింది. పక్క చెక్కలు, పొట్టు అమ్మి 400 వచ్చాయనుకో, 1,785కి దిగుతుంది. ఇందులో నీ లాభం ఇంకా పైసా కూడా లేదు. ఆయన దోపిడీ అన్నది దీన్నే.

లంక రైతు:
పాత రంపం గారూ, లెక్క బాగుందండి. కానీ అది మిల్లు వైపు నుంచి చూసిన లెక్క. రైతు వైపు నుంచి నేను చెప్తాను.

48 అంగుళాల చుట్టుకొలత, 10 అడుగుల పొడవు ఉన్న గుండ్రటి దుంగలో నిజంగా ఉన్న కలప 10 అడుగులు కాదు, 12.73 అడుగులు. మా అమ్మాయి లెక్కకట్టి చూపించింది. రెండుముప్పావు అడుగులు కొలతలోనే మాయమైపోయాయి. దాని పైన బెరడు తగ్గింపు ఒకటి. ఆ పైన టేపు 47 చూపిస్తే 46 అని రాస్తారు. లంకలో ఇసుక దిబ్బల మీద నుంచి దుంగలు ఒడ్డుకి తెచ్చే ఖర్చు కూడా మాదే. ఇంకా మిల్లువాడికి లాభం లేదంటే ఎలా నమ్మమంటారు?

లెక్కల మాస్టారు:
ఇద్దరి లెక్కా సరైనదే. ఇలా చుట్టుకొలతలో నాలుగో వంతుతో లెక్కగట్టడాన్ని క్వార్టర్ గర్త్ పద్ధతి అంటారు, అది ఇప్పటిది కాదు. 1736లో ఎడ్వర్డ్ హోపస్ అనే ఇంగ్లీషు సర్వేయరు వేసిన పట్టికల నుంచి వచ్చింది. గుండ్రటి దుంగని చదరంగా చెక్కితే పోయేదాంట్లో కొంత ముందే తీసేసి లెక్కగట్టడం అందులో కిటుకు. నిజమైన ఘనపరిమాణంలో 78.5 శాతమే లెక్కలోకి వస్తుంది. కొనేవాడికీ అమ్మేవాడికీ అది ముందే తెలిసి, రేటు దాని ప్రకారమే మాట్లాడుకుంటే అందులో మోసం లేదు. రైతుకి తెలియకపోతే మాత్రం మోసమే.

బెరడు, అంగుళాల తగ్గింపు సంగతి వేరు. అక్కడ రైతు గారి బాధ నిజం. అర అంగుళం మందం బెరడు ఒలిస్తే చుట్టుకొలత మూడు అంగుళాల పైనే తగ్గుతుంది. 48 బదులు 46 అని రాస్తే 10 అడుగుల దుంగ 9.18 అడుగులే అవుతుంది. రెండు అంగుళాలకి ఎనిమిది శాతం డబ్బు పోయింది! రేటు దగ్గర యాభై రూపాయలకి గంటసేపు బేరమాడే మనిషి టేపు పట్టే దగ్గర పక్కన నిలబడడు.

పాత రంపం:
మాస్టారు చెప్పింది నిజం. నేను బెరడు ఒలిచి, రైతు చేతికే టేపు ఇచ్చి కొలిపించేవాణ్ని. మా పక్క మిల్లు వాళ్లకి అది నచ్చేది కాదు.

మేస్త్రి బాబాయ్:
వడ్రం పని మాది. మీరంతా దుంగ కొలత దగ్గరే ఆగిపోయారు. చెక్క కొలత సంగతేంటి? ఇల్లు కట్టేవాళ్లు మోసపోయేది అక్కడే.

గుమ్మానికి ఐదు మూడు చెక్క అంటాం, అంటే ఐదంగుళాల వెడల్పు, మూడంగుళాల మందం. నిలువులు రెండు ఏడడుగులవి, పైన ఒకటి, కింద గడప ఒకటి మూడున్నర అడుగులవి. మొత్తం 21 అడుగుల పొడవు. ఐదు మూడ్లు పదిహేను, ఇంటూ 21, బై 144. రెండు అడుగుల పైన కొంచెం, 2.19 వేసుకోండి. బిల్లు దానికే వేస్తారు. ఇంటికి తెచ్చి నేను స్కేలు పెడితే నాలుగుముప్పావు, రెండుముప్పావు ఉంటుంది. పావంగుళమే కదా అంటారు. రెండు వైపులా పావంగుళం పోతే చెక్కలో దాదాపు 13 శాతం పోయినట్టే. చిత్రిక పట్టాక ఇంకా తగ్గుతుంది. ఇంటాయన చివరికి నన్నే అడుగుతాడు, "ఏం మేస్త్రీ, గుమ్మం పల్చగా ఉందేంటి?" అని.

కొత్త మిల్లు బాబూ, నువ్వు ఒక్క పని చెయ్యి. ఐదు మూడు అంటే ఆరాక కూడా ఐదు మూడు ఉండేలా కొయ్యి. దానికి ఎంత ఎక్కువైతే అంత అడుగు. మేమే నీ మిల్లుకి మనుషుల్ని పంపుతాం.

పాయ గట్టు మిల్లు:
బాబాయ్ గారూ, పచ్చి దుంగ కోసేటప్పుడు పావంగుళం అదనంగా వదిలితే నా దిగుబడి ఇంకా పడిపోతుంది కదండి. మాది పాత సర్క్యులర్ రంపం. ఒక్కో కోతకి దాదాపు పావంగుళం పొట్టు కిందే పోతోంది.

పాత రంపం:
అసలు రోగం అదే. అంగుళం పలకలు కోస్తే ప్రతి నాలుగు కోతలకి ఒక పలక పొట్టయిపోతోంది నీకు. బ్యాండ్ సా, అదే పట్టీ రంపం, పెడితే కోతకి అంగుళంలో ఎనిమిదో వంతే పోతుంది. ఎనిమిది కోతలకి గానీ ఒక పలక పోదు. రేటు పెంచడం గురించి ఆలోచించే ముందు రంపం మార్చడం గురించి ఆలోచించు. నీ రంపం తినే కలపకి డబ్బు కొనేవాడు ఎందుకివ్వాలి? అయితే బ్యాండ్ బ్లేడుకి పదును పట్టే మనిషి మంచివాడు దొరకాలి. లేకపోతే చెక్క అలలు అలలుగా వస్తుంది. మేస్త్రులు తిట్టే తిట్లు వినలేం.

పద్దు పుస్తకం:
అకౌంట్స్ పని చేసేదాన్ని కాబట్టి నా మాట కూడా వినండి. మీరంతా ఒక దుంగకి అయ్యే ఖర్చే చెప్తున్నారు. మిల్లు మూసి ఉన్న రోజు ఖర్చు ఎవరు వేస్తున్నారు?

మన దగ్గర ఆషాఢంలో గుమ్మం ఎత్తరు. మూఢం వస్తే అసలే ఎత్తరు. పైగా వానలు, దుంగ తోటలోంచి రోడ్డెక్కదు. ఆ నెలల్లో కూడా కరెంటు ఫిక్స్‌డ్ చార్జీ కట్టాలి, రంపం మనిషికి జీతమివ్వాలి, అప్పుకి వడ్డీ పోయాలి. మాఘం, ఫాల్గుణంలో మిల్లు గిరగిరా తిరుగుతున్నప్పుడు లెక్క వేసి ఖర్చు తక్కువే అనుకుంటే, శ్రావణం వచ్చేసరికి చేతిలో ఏమీ మిగలదు. కాబట్టి ఏడాది మొత్తం ఖర్చు ఒక పక్క, ఏడాదిలో కోసిన అడుగులు ఒక పక్క వేసి భాగించాలి. వచ్చిన అంకె మీ కోత ఖర్చు. దాని పైన మీ రోజు కూలి కూడా వేసుకోండి. సొంత మిల్లు కదా అని చాలామంది తమ కూలి వదిలేస్తారు.

ఇంకోటి. మీరు ఆరబెట్టడానికి పేర్చిన చెక్కలో డబ్బు ఇరుక్కుని ఉంటుంది. అంగుళం మందానికి దాదాపు ఏడాది అని పాతవాళ్ల లెక్క. మూడు అంగుళాల గుమ్మం చెక్క నీడలో ఆరాలంటే ఎంత కాలమో, ఆ డబ్బుకి వడ్డీ ఎంతో మీరే వేసుకోండి. ఆరిన చెక్కకి, పచ్చి చెక్కకి ఒకటే రేటు పెట్టడం నా దృష్టిలో అన్యాయం. ఆరబెట్టినవాడికే అన్యాయం.

జీఎస్టీ కూడా ముందే ఆలోచించండి. కోసిన కలపకి 18 శాతం. సరుకు మాత్రమే అమ్మేవాళ్లకి మన రాష్ట్రంలో 40 లక్షల టర్నోవరు దాటితే రిజిస్ట్రేషన్. కోత కూలి సేవ కిందికి వస్తుంది, దానికి 20 లక్షలే. మీకు రెండూ ఉన్నాయి కాబట్టి ఆడిటరుని అడిగి తేల్చుకోండి. రేటు చెప్పాక బిల్లు దగ్గర 18 కలిపితే కొనేవాడు గొడవకి దిగుతాడు.

ఇల్లు కడుతున్నా:
కొనేవాడిగా ఒక మాట. నాకు 1,800 అన్నా, 2,200 అన్నా పెద్ద తేడా తెలియదండి. టెన్షనల్లా గుమ్మం పెట్టాక వంకర పోతుందేమో అని. మా అన్నయ్య ఇంట్లో మామిడి చెక్క తలుపులు పచ్చిగా చేయించారు. సంక్రాంతికి మూసుకోలేదు, ఎండాకాలానికి సందులు పడ్డాయి. ఆరిందని నమ్మకం ఎవరిస్తారు?

మేస్త్రి బాబాయ్:
తేమ మీటరని చిన్నది దొరుకుతుంది, రెండు సూదులు గుచ్చితే శాతం చెప్తుంది. గోదారి జిల్లాల గాలిలో చెక్క ఎంత ఆరినా మళ్లీ కొంత తేమ పీల్చుకుంటుంది. కాబట్టి 12 నుంచి 15 మధ్య చూపిస్తే నేను పని మొదలుపెడతాను. పైపైన గుచ్చితే తప్పు చెప్తుంది, ముక్క కోసి మధ్యలో గుచ్చమనండి. మిల్లులో అది ఉంటే కొనేవాళ్ల ముందే గుచ్చి చూపించొచ్చు. టేకు మిగతావాటి కంటే తక్కువ కుంచించుకుపోతుంది, అందుకే అందరూ టేకంటారు. మామిడి, నిద్రగన్నేరు అలా కాదు. వాటికి ఓపిక కావాలి, మందు పట్టించాలి. లేకపోతే పురుగు.

పాయ గట్టు మిల్లు:
పద్దు పుస్తకం గారూ, ఏడాది లెక్క ఇవాళే మొదలుపెడతానండి. ఇంకో సందేహం. దుంగ ఒకటే, అందులోంచి వచ్చే చెక్కంతా ఒకటే రేటుకి అమ్మాలా?

పాత రంపం:
అస్సలు వద్దు. దుంగ మధ్యలో ముడి లేకుండా ఏడడుగుల పొడవు వచ్చిన చేవ చెక్క ఉంటుంది. సింహద్వారానికి దాన్నే వెతుకుతారు. అదే దుంగ అంచున తెల్ల చెక్క ఉంటుంది, చెద పడితే మొదట తినేది దాన్నే. నాలుగడుగుల లోపు ముక్కలు కిటికీ రెక్కలకి, పీటలకి పనికొస్తాయి. అన్నిటికీ సగటు రేటు పెట్టావంటే, తెలిసినవాడు వచ్చి మంచివన్నీ ఏరుకుపోతాడు. నీకు ముక్కలు మిగులుతాయి. పొడవుకి ఒక రేటు, ముక్కకి ఒక రేటు. చేవకి ఒకటి, తెలుపు కలిసినదానికి ఒకటి. మొత్తం కలిపి చూస్తే సగటున అడుగుకి నీ 1,846 దాటాలి.

కొన్నిటికి అడుగు లెక్కే వద్దు. నిద్రగన్నేరు మొదలు రెండున్నర అడుగుల వెడల్పు పలకగా వస్తే ఇప్పుడు హోటళ్లవాళ్లు, పట్నంలో ఇళ్లవాళ్లు బల్లలకి తీసుకెళ్తున్నారు. దాన్ని ముక్క ఇంత అని అమ్ము. పనస పొడవాటి మొద్దు దొరికితే చీల్చెయ్యకు. బొబ్బిలి వీణకి పనసే వాడతారు, అడిగేవాళ్లు ఉంటారు. మా వైపు ఒకప్పుడు పడవలవాళ్లు వంకర తుమ్మ కొమ్మ కోసమే వచ్చేవాళ్లు, లోపల పక్కలు కట్టడానికి. మిగతావాళ్లు వంట చెరుకు కింద పారేసే కొమ్మకి వాళ్లు మంచి డబ్బులిచ్చేవాళ్లు. ఫైబర్ పడవలొచ్చాక ఆ బేరం పోయింది.

మండువా చెక్క:
పాత ఇళ్లు విప్పే పని మాది. పాలకొల్లు, అమలాపురం చుట్టుపక్కల మండువా లోగిళ్లు పడగొడుతున్నారు. వాటిలో బర్మా టేకు స్తంభాలు, దూలాలు వస్తాయి. వందేళ్లు ఆరిన చెక్క, ఇక వంకర పోయే సమస్యే లేదు. మీ కొత్త టేకు రేటుకి మాదే గట్టి పోటీ, అది గుర్తుపెట్టుకోండి.

కానీ మిల్లు వాళ్లు నా చెక్క కొయ్యమంటే భయపడతారు. కారణం మేకులు.

పాత రంపం:
భయపడరా మరి! పెరటి చెట్లు కూడా అంతే. వేపచెట్టుకి దండెం కట్టిన తీగ, దిష్టికి కొట్టిన మేకు, ఎన్నికల బోర్డు మేకు, అన్నీ బెరడు మింగేసి లోపల దాచుకుంటుంది. ఒకసారి మా బ్లేడు నడుస్తూ నడుస్తూ టక్కుమంది. పళ్లు వరసగా ఎగిరిపోయాయి. దుంగ రెండుగా చీల్చి చూస్తే లోపల గొలుసు కొక్కెం, ఆవుని కట్టేసేదనుకుంటా, చుట్టూ చెక్క నల్లగా మచ్చ పడిపోయి ఉంది. అలా నీలం, నలుపు మచ్చ కనబడితే ఇనుము దగ్గరలోనే ఉందని గుర్తు, రంపం ఆపెయ్యాలి. రైతు, "నాకేం తెలుసండీ, తాతల నాటి చెట్టు" అన్నాడు. నిజమే, ఆయనకి తెలియదు.

అప్పటి నుంచి బోర్డు మీద రాయించాం. మేకు తగిలి బ్లేడు పోతే పదును ఖర్చు దుంగ తెచ్చినవాళ్లది అని. మెటల్ డిటెక్టర్ చేతిలో పట్టుకునేది ఒకటి కొని, దుంగ ఎక్కించే ముందే తడిమి చూస్తున్నాడు మా వాడు. అది కూత పెడితే రైతు ముందే గొడ్డలితో చెక్కి తీస్తాడు.

లంక రైతు:
అది న్యాయమే. ఒప్పుకుంటున్నా. కానీ నాదొక ప్రశ్న. మా చుట్టుపక్కల లైసెన్సు ఉన్న మిల్లులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 1996లో సుప్రీంకోర్టు అడవుల రక్షణ మీద గోదావర్మన్ కేసులో ఆర్డరు ఇచ్చాక లైసెన్సు లేని మిల్లులు మూయించారు, కొత్తవి అంత తేలిగ్గా రావు. అడవి బతకాలి, మంచిదే. కానీ దాని వల్ల నాకు వేరే దారి లేదు. కోత కూలి ఎంతంటే అంత ఇవ్వాలి. పోటీ లేని చోట మార్కెట్ రేటే న్యాయమైన రేటు అంటే ఎలా?

పైగా నా టేకు నేను కొట్టుకోవాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద పర్మిషను, దుంగ మీద ఫారెస్టు వాళ్ల సుత్తి ముద్ర, తరలించడానికి ట్రాన్సిట్ పర్మిట్. ఈ తిరుగుడు భరించలేక చాలామంది చెట్టు మీదే గంపగుత్తగా వ్యాపారికి ఇచ్చేస్తున్నారు. సరుగుడు, జామాయిల్ వేసినవాళ్లే నయం. టన్ను లెక్కన తూకం వేసి రాజమండ్రి పేపరు మిల్లుకి పోతుంది, టేపు గొడవే లేదు.

పాయ గట్టు మిల్లు:
అన్నా, మీరన్నది నన్నూ ఆలోచనలో పడేసింది. నాకు ఒకటి తోస్తోంది. చెట్టు మీద గంపగుత్తగా కొనే బదులు, దుంగ రైతు సొంతంగానే ఉంచి, నేను కోత కూలికి కోసి, చెక్క మిల్లులోనే పెట్టి అమ్మిపెడితే? అమ్మిన దానిలో నాకు వాటా. అప్పుడు దుంగ కొలత తగాదా రాదు. రైతుకి చెక్క రేటు తెలుస్తుంది. నాకు పెట్టుబడి ఇరుక్కోదు.

పద్దు పుస్తకం:
మంచిదే, కానీ ఎవరి చెక్క ఏదో గుర్తుండాలి. చివర్లకి రంగు వేసి నంబరు రాయండి. లైసెన్సు రిజిస్టరులో దుంగ వచ్చిన తేదీ, పర్మిట్ నంబరు ఎలాగూ రాయాలి. దాని పక్కనే వచ్చిన చెక్క కొలతలు కూడా రాస్తే అటు ఫారెస్టు వాళ్లకి, ఇటు రైతుకి ఒకటే కాగితం. వాటా అమ్మకం మీద కాకుండా ఖర్చులు పోగా మిగిలినదాని మీద అనుకుంటే, ఏవి ఖర్చులో ముందే రాసుకోండి. లేకపోతే ప్రతి టీ బిల్లూ ఖర్చే అవుతుంది.

అంబాజీపేట కొబ్బరి:
కొబ్బరి దుంగల సంగతి ఎవరూ ఎత్తలేదు. 1996 నవంబరు తుఫానప్పుడు మా తోటలో పడినవి పడినట్టే కుళ్లాయి, తీసుకెళ్లేవాడు లేడు. ఇప్పుడు ముసలి చెట్లు తీసి కొత్తవి పెడుతున్నాం. వాటికి ఏమైనా రేటు ఉంటుందా?

పాత రంపం:
కొబ్బరి మామూలు చెట్టు కాదు, దానికి చేవ లోపల ఉండదు. మొదలు దగ్గర బయటి వైపు గట్టిగా, నల్లటి గీతలతో ఉంటుంది. మధ్యలో, పై భాగంలో మెత్తన. తాడి కూడా అంతే, అందుకే పెంకుటిళ్లకి తాడి దూలాలు, వాసాలు బయటి భాగంతోనే తీసేవాళ్లు. కొబ్బరి కోస్తే రంపం పదును తొందరగా పోతుంది. అందుకే కోత కూలి ఎక్కువ, వచ్చే చెక్క తక్కువ. ముప్పయ్యేళ్లలోపు చెట్టు మిల్లుకి తేవద్దు. ముసలి చెట్టు కింది సగం తెండి. పై సగం వంట చెరుకే. దీనికి అడుగు రేటు కాకుండా రంపం నడిచిన గంటకి ఇంత అని మాట్లాడుకుంటే ఇద్దరికీ మంచిది.

పాయ గట్టు మిల్లు:
అందరి మాటలూ కలిపి బోర్డు రాయిస్తున్నాను. చూసి చెప్పండి.

"దుంగ కొలత బెరడు ఒలిచి, మధ్యలో, యజమాని ముందు. క్వార్టర్ గర్త్ లెక్క. అంగుళాలు తగ్గించం. చెక్క రేటు ఘనపుటడుగుకి, రన్నింగ్ అడుగుకి (ఉత్త పొడవుకి) కాదు. ఏడడుగులు దాటిన చేవ చెక్క, మామూలు చెక్క, ముక్కలు: మూడు రేట్లు. పచ్చిది వేరు, ఆరినది వేరు. ఆరిన చెక్క మీటరు పెట్టి చూపిస్తాం. జీఎస్టీ కలిపిన రేటు. మేకు తగిలితే పదును ఖర్చు దుంగ వారిది."

రేట్ల అంకెలు మూడు నెలలకోసారి సుద్దతో మారుస్తాను.

మేస్త్రి బాబాయ్:
"చెప్పిన సైజు ఆరాక కూడా ఉంటుంది" అని ఒక లైను కలుపు. మేకు లైను ఇంకొంచెం పెద్ద అక్షరాల్లో రాయించు.

లంక రైతు:
వాటాకి అమ్మిపెడతానన్నది బోర్డు మీద లేదేం?

పాయ గట్టు మిల్లు:
అది ముందు మీ దుంగలతోనే చేసి చూద్దాం అన్నా. కాగితం రాసుకుని మొదలుపెడదాం. పద్దు పుస్తకం గారిని సాక్షి సంతకం అడుగుతాను.

మండువా చెక్క:
నా దగ్గర పాత పనస దూలం ఒకటి ఉంది, పద్నాలుగు అడుగులు. ఆదివారం తెస్తే కోస్తారా?

పాయ గట్టు మిల్లు:
ఆదివారం సెలవండి. సోమవారం పొద్దున్నే తెండి. మేకులన్నీ పీకేసి తెండి బాబూ.